మా పెట్టెకు బొట్టు పెట్టిన దసరా

మెమరీ అంటే ఏమిటో మా చుట్టాలకు చెప్పే ప్రయత్నం ఎప్పుడో మానేశాను. నేను కంప్యూటర్ల పని చేస్తానని తెలిసిన దగ్గర్నుంచి, పెళ్లికి వెళ్లినా పేరంటానికి వెళ్లినా, ఎవరో ఒకరు ఫోను నా చేతిలో పెట్టి, "ఇందులో ఫోటోలు పోయినయ్యమ్మా, కాస్త తెచ్చిపెట్టు" అంటారు. నా పని అది కాదంటే, "మరి నువ్వు చేసే పనేంటి?" అని అడుగుతారు. పోనీ కదా అని చెప్పడం మొదలుపెడితే మధ్యలో భోజనాలకు లేస్తారు. ఇంత చదువు చదివి నేను చేసేదేమిటో మా ఇంటి మనుషులకే చెప్పుకోలేకపోవడం నాకు ఎప్పుడూ చిరాకే.

మంగళగిరిలో చేనేత చీరల దుకాణం పైఅంతస్తులో మా కంపెనీ ఉంది. గట్టిగా పదిమందిమి కూడా ఉండం. కోల్డ్ స్టోరేజీ గదుల్లో చలి ఎంత ఉందో, తేమ ఎంత ఉందో గంటగంటకూ గుర్తుపెట్టుకునే పెట్టెలు తయారు చేస్తాం. ఒక్కో పెట్టె టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. గుంటూరు చుట్టుపక్కల మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీలే మాకు పెద్ద ఖాతాదారులు. పెట్టె లోపలి బోర్డు గీసేది, దానికి బుద్ధి నేర్పేది నేను.

ఆ బోర్డు మీద రెండు రకాల మెమరీ ఉంటుంది. ఒకటి చురుకైనది. ఎన్నిసార్లు రాసినా అరగదు, కరెంటు కూడా పెద్దగా తినదు. కానీ కరెంటు ఆగిన క్షణాన అందులో ఉన్నదంతా మాయమైపోతుంది. రెండోది మొండిది. కరెంటు లేకపోయినా ఏళ్ల తరబడి విషయం పట్టుకునే ఉంటుంది. కానీ అందులో రాయడం నిదానం, రాసినప్పుడల్లా కరెంటు గుంజుతుంది, రాయగా రాయగా అరిగిపోతుంది కూడా. ఏ ఒక్కదాన్ని నమ్ముకున్నా పని జరగదు. అందుకే రెంటికీ కాపురం కుదర్చడమే నా ఉద్యోగం. మామూలు రోజుల్లో లెక్కలన్నీ ముందు చురుకైనదానిలో పడతాయి, అప్పుడప్పుడూ మొండిదానిలోకి మారతాయి. లైను కరెంటు పోతే పెట్టె తన బ్యాటరీ మీద కొన్ని రోజులు నడుస్తుంది. అప్పుడు పొదుపు కోసం మొండిదాని జోలికి పోకుండా అంతా చురుకైనదానిలోనే కూడబెడుతుంది. బ్యాటరీ చివరికి వచ్చిందని కబురు అందగానే ఆ కూడబెట్టిందంతా ఒక్కసారిగా మొండిదానిలోకి దింపేసి పడుకుంటుంది.

ఈ సంగతి మొత్తం ఓపిగ్గా విన్నవాడు మా అన్నయ్య ఒక్కడే. దర్శి దగ్గర మా ఊళ్లో పొలం తనే చూస్తాడు. ఓసారి నేను వెళ్లినప్పుడు కల్లంలో మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. నేను చెప్పిందంతా విని, కాయలు కాలితో తిరగేస్తూ, "ఇదే గదే నీ పెట్టె! కాయ కల్లంలో ఉన్నంతసేపు మన చేతిలో లేనట్టే. మబ్బు పట్టగానే పోగుజేసి పట్టా కప్పాల. కాకపోతే మబ్బు చూసేవాడు ఒకడుండాల" అన్నాడు. బ్యాటరీ చివరికి వచ్చిందని చిప్‌కు కబురు చేరవేసే సన్నటి దారి ఒకటి బోర్డు మీద ఉంటుంది, మబ్బు చూసేవాడంటే అదేనన్నాను. ఆ రోజు నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను.

ఆ సంతోషం ఊరికే పోలేదు. ఆ ఏడు కోతల సమయానికి మిర్చి ధర బాగా పడిపోయింది. అన్నయ్య కాయ అమ్మకుండా దాచాలనుకున్నాడు. దగ్గర్లో ఉన్న కోల్డ్ స్టోరేజీలు వదిలేసి, చిలకలూరిపేట దాటాక హైవేకి లోపలగా ఉన్న ఒకదానికి తీసుకెళ్లాడు. ఎందుకంత దూరమని వదిన అడిగితే, "అక్కడ మన పిల్ల పెట్టెలున్నయ్. ఎవడూ అబద్ధమాడటానికి లేదు" అన్నాడట. పంటంతా ఒకే గదిలో పెట్టాడు. అది బాగా పలికితేనే మళ్లీ మిర్చి వేస్తానని, లేదంటే పొలం ఎవరికైనా కౌలుకిచ్చేస్తానని నాతో అన్నాడు.

ఆ తర్వాత దసరా వచ్చింది, దసరా వెనకే తుఫాను వచ్చింది. మా ప్రాంతానికి తుఫాన్లు కొత్తేమీ కాదు గానీ ఈసారి స్తంభాలు వరసన పడిపోయాయి. రోజుల తరబడి కరెంటు లేదు, రోడ్లు మునిగి డీజిలు దొరకలేదు. చివరికి అంతా సర్దుకుంది. మార్కెట్ కాస్త లేచిందని అన్నయ్య వెళ్లి టిక్కీలు దించించాడు. టిక్కీ అంటే మిర్చి యార్డులో బస్తాకు మేము పెట్టుకున్న పేరు. విప్పి చూస్తే లోపల బూజు. ఎర్రగా ఉండాల్సిన కాయ తెల్లబారి, ముక్కు దగ్గర పెట్టుకోలేనంత వాసన. ఒకటి రెండు కాదు, చాలావరకు అలాగే ఉన్నాయి.

ఆ స్టోరేజీ మేనేజరు ఏమాత్రం కంగారు పడలేదట. "తడికాయ వేశారు, బూజు పట్టింది. మా గదిదేం తప్పు?" అన్నాడట. తుఫానులో జనరేటర్ వెయ్యలేదని, గది వేడెక్కి చెమ్మ పట్టిందని అన్నయ్య వాదించాడు. కరెంటు పోయిన గంటలోపే వేశామని మేనేజరు అన్నాడు. ఇక్కడ పోయేది ఒక పంట మాత్రమే కాదు. తడికాయ వేసేవాడన్న పేరు పడితే యార్డులో అతని టిక్కీని ఎవరూ తాకరు, ఏ స్టోరేజీ వాడూ గది ఇవ్వడు. మా తాత నుంచి ఇప్పటిదాకా మా ఇంటి కాయకు ఆ మాట రాలేదు. అన్నయ్య అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. "వీడితో నాకెందుకే గొడవ? నువ్వు రా. వచ్చి నీ పెట్టెని అడుగు, అదే చెప్పుద్ది" అన్నాడు.

నేను ధీమాగానే వెళ్లాను. ల్యాప్‌టాప్ పెట్టి, మేనేజరునీ అన్నయ్యనీ చెరోపక్క నిలబెట్టుకుని, పెట్టెలో ఉన్నది బయటికి లాగాను. తుఫాను మొదలయ్యేదాకా గది చల్లగా ఉంది. ఆ తర్వాత ఏమీ లేదు. మళ్లీ లైను కరెంటు వచ్చిన రోజు నుంచి చల్లగా ఉంది. అక్కడ జనరేటర్ మీద కంప్రెసర్లు మాత్రమే నడుస్తాయి, మా పెట్టె ఉన్న లైట్ల లైను నడవదు. అందుకని జనరేటర్ మొదటి గంటలోనే వేశారో, గది బాగా వేడెక్కాక వేసి మళ్లీ చల్లబరిచారో తెలుసుకోవాలంటే ఆ మధ్య రోజుల లెక్క ఉండాలి. సరిగ్గా అదే లేదు.

మేనేజరు చాలా మర్యాదగా నవ్వాడు. "చూశారుగా మేడం, ముందూ చల్లగానే ఉంది, తర్వాతా చల్లగానే ఉంది" అన్నాడు.

"మధ్యలో ఏదండీ?"

"మధ్యలో మీ పెట్టె నిద్రపోయిందండీ. దానికి మేమేం చేస్తాం?"

నాకు ఒళ్లు మండిపోయింది. కరెంటు పోయినప్పుడు పని చెయ్యడం కోసమే పుట్టిన పెట్టె అది. ఎండాకాలం కరెంటు కోతలకు, వానాకాలం మెరుపులకు తట్టుకుని నిలబడ్డది, దాని అవసరం నిజంగా పడ్డ ఒక్కసారీ చేతులెత్తేసింది. అన్నయ్య నా వైపే చూస్తున్నాడు.

"మీకు తెలియందేముంది మేడం, మీదీ రైతు కుటుంబమేగా. టిక్కీ తొక్కేటప్పుడు నీళ్లు చల్లనోళ్లెవరు?" అన్నాడు మేనేజరు.

ఆ మాట అబద్ధం కాదు. బాగా ఎండిన మిరపకాయ పట్టుకుంటే పొడి అయిపోతుంది. అందుకని బస్తాలో నింపి తొక్కేముందు కాయ విరక్కుండా కాసిని నీళ్లు చిలకరిస్తారు. మా ఇంట్లోనూ చిలకరించేవాళ్లు, చిన్నప్పుడు నేనూ చిలకరించాను. చెయ్యి తిరిగినవాళ్లకు ఎంత చల్లాలో తెలుస్తుంది. కాస్త ఎక్కువైతే తూకం పెరుగుతుంది, ఇంకాస్త ఎక్కువైతే లోపల బూజు పడుతుంది. అందుకే మేనేజరుతో, "రికార్డు చూస్తేగానీ ఎవరిది తప్పో ఏమీ చెప్పలేమండీ" అన్నాను. ఆఫీసులో రోజూ అనే మాటే అది.

పెట్టె సంగతేమిటో తేల్చుకోవాలని మూత స్క్రూలు విప్పాను. విప్పి అలాగే కూర్చుండిపోయాను. బోర్డు మీద అడ్డంగా మూడు వేళ్ల పసుపు, దాని మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. తుఫాను చెమ్మకు అది తడిసి, పక్కలకు పాకి, మళ్లీ గడ్డ కట్టి ఉంది. కంప్రెసర్లు చూసే పెద్దాయన నా వెనకే నిలబడి ఉన్నాడు. ఇది ఎవరు చేశారని అడిగాను. నా గొంతు లేచిందని నాకే తెలుస్తోంది.

"నేనేనమ్మా, ఆయుధపూజ నాడు" అన్నాడాయన, తప్పేముందన్నట్టు.

"మూత తీసి లోపల పెట్టారా?"

"మరి మూత మీద పెడితే దానికెట్టా అందుద్దమ్మా? పని చేసేది లోపలుండేదేగా. కంప్రెసర్లకి పెట్టాం, జనరేటర్‌కి పెట్టాం, తూకం కాటాకి పెట్టాం. ఏడాది పొడుగునా మాతోపాటు గొడ్డుచాకిరీ చేసుద్ది, పండగపూట దీనికొక్కదానికీ బొట్టు లేకుండా ఎట్టా ఉంచుతాం?"

ఆయన్ని ఏమని తిట్టను? తల బాదుకోవడం ఒక్కటే తక్కువ. స్క్రూలు విప్పి, శ్రద్ధగా పసుపు కలిపి, వేళ్లు జారకుండా పూసి, మళ్లీ అన్ని స్క్రూలూ బిగించాడు. మా ఆఫీసులో బోర్డులు బిగించే వాళ్లు కూడా అంత ఒద్దికగా చెయ్యరు. వేడికి, చలికి, దుమ్ముకు, ఎలుకలకు, కారం ఘాటుకు అన్నిటికీ జాగ్రత్త తీసుకుని గీసిన బోర్డు అది. దానికి ఎవరైనా ఇంత భక్తిగా బొట్టు పెడతారని నాకు తట్టలేదు.

బోర్డు మంగళగిరి తీసుకెళ్లాను. బల్ల మీద పెట్టి, బ్యాటరీ బదులు వేరే కరెంటు ఇచ్చి, దాన్ని మెల్లగా తగ్గిస్తూ పోయాను. బొట్టు పడ్డది సరిగ్గా కబురు చెప్పే దారి మీదే. లోపల ఇంకా చెమ్మ ఆరని పసుపులోంచి పక్క దారిలోని కరెంటు కాస్త ఇందులోకి చేరుతోంది. దాంతో బ్యాటరీ ప్రాణం పోతున్నా, నిండుగా ఉందనే చిప్‌కు కబురు అందుతోంది. చిప్ నిశ్చింతగా చురుకైన మెమరీలోనే లెక్కలు పేర్చుకుంటూ కూర్చుని, చివరి క్షణంలో అన్నిటినీ పోగొట్టుకుంది. స్పిరిట్‌తో తుడిచి మళ్లీ పెట్టి చూస్తే చెప్పినట్టు పనిచేసింది. బ్యాటరీ చివరికి రాగానే అంతా మొండిదానిలోకి దించి పడుకుంది. నాకు సంతోషం వెయ్యకపోగా దాన్ని కిటికీలోంచి విసిరెయ్యాలనిపించింది. ఇప్పుడెవరికి కావాలి ఆ బుద్ధి!

అయినా ఊరుకోలేదు. చురుకైన మెమరీలో పోయింది పోయినట్టేనని అందరికీ పాఠం చెప్పేదాన్ని నేనే. అలాంటిదాన్ని, ఎక్కడైనా ఒక ముక్క మిగిలి ఉండకపోతుందా అని మొండి మెమరీని మూల మూలలా వెతికాను. సగం రాసి ఆగిపోయిన లెక్క ఒకటైనా దొరుకుతుందేమోనని అరిగిపోయి పక్కన పెట్టిన మెమరీ గళ్లు కూడా చదివించాను. ఇంట్లో మా ఆయన పిలిచినా పలకలేదు, ఆఫీసులో వేరే పని ముట్టుకోలేదు. ఒక్క అంకె కూడా దొరకలేదు. గది ఎప్పుడు వేడెక్కిందో, అసలు వేడెక్కిందో లేదో ఈ లోకంలో ఇంక ఏ వస్తువూ చెప్పలేదని తేలిపోయింది.

మా బాస్‌కు మాత్రం ఊరట కలిగింది. పెట్టె మూత వాళ్లే విప్పారు కాబట్టి మన పూచీ లేదన్నాడు. కరెంటు పోయినా మరిచిపోకుండా, వేగంగా రాసుకోగల కొత్త రకం చిప్ ఒకటి ఉందని, అది వేస్తే ఈ కబుర్ల బాధే ఉండదని నేను మొదట్లోనే మొత్తుకున్నాను. ఆ మాట మళ్లీ ఎత్తితే, "మిరపకాయల గదికి అంత అవసరమా అమ్మా? ఇంకోసారి బొట్టు పెట్టొద్దని మూత మీద ఒక స్టిక్కర్ అంటిద్దాం" అన్నాడు. స్టోరేజీ మేనేజరుకు ఫోన్ చేసి జరిగింది చెప్పాను. "అంటే పెట్టె సరిగ్గా లేదనే కదండీ మీరనేది? ఇంక దానిమీద మమ్మల్ని నిలదీస్తే ఎలా?" అన్నాడు. ఎవరికి వాళ్లు చేతులు దులిపేసుకున్నారు. ఆ తడికాయ మాట మాత్రం మా అన్నయ్య నెత్తిన అలాగే ఉండిపోయింది.

ఫోన్‌లో చెప్పే విషయం కాదని ఊరికి వెళ్లాను. పాడైన టిక్కీలు ఇంటికి తెచ్చుకున్నారు. తాలుకాయ కింద, అంటే రంగు పోయిన నాసిరకం కింద కూడా ఎవరూ తీసుకోలేదట. అన్నయ్యా వదినా వాకిట్లో పట్టా పరిచి, అన్నీ కలిపి పోసి, అందులో కాస్త బాగున్న కాయ ఏరుతున్నారు. ముక్కులకు తువ్వాళ్లు కట్టుకున్నారు. వదిన లేవబోతే వద్దన్నాను. పక్కనే పీట వేసుకుని కూర్చుని మొత్తం చెప్పాను. పసుపు సంగతి, కబురు దారి సంగతి, బల్ల మీద చేసిన పరీక్ష, ఎంత వెతికానో, మా బాస్ ఏమన్నాడో, మేనేజరు ఏమన్నాడో అన్నీ చెప్పాను. చెబుతున్నకొద్దీ నాకు కోపం పెరిగిపోతోంది. అన్నయ్య తల ఎత్తకుండా ఏరుకుంటూనే విన్నాడు.

"అయితే నీ పెట్టె ఇంకేం చెప్పదు" అన్నాడు చివరికి.

"చెప్పదన్నయ్యా. అందులో ఏమీ లేదు."

"సరే, దాని సంగతి వదిలెయ్. ఆ రోజు మేనేజరు నీళ్ల మాట ఎత్తినప్పుడు, రికార్డు చూస్తేగానీ చెప్పలేమన్నావ్. వాడంటే వాడి స్టోరేజీ కాబట్టి అన్నాడు. నువ్వెందుకన్నావే?"

నేను తడబడ్డాను. "నా ఉద్యోగం అలాంటిది అన్నయ్యా, చేతిలో ఆధారం లేకుండా ఒకళ్ల వైపు మాట్లాడితే..."

"ఆధారం అడగట్లేదు నేను." అన్నయ్య మూతికి కట్టుకున్న తువ్వాలు కిందికి లాక్కున్నాడు. "ఎప్పుడూ చల్లేన్ని నీళ్లే చల్లాను. ఒక్క చుక్క ఎక్కువ చల్లలేదు. నమ్ముతావా, నమ్మవా?"

వెంటనే నమ్ముతానని అనాల్సింది. పెద్దాయన్ని అడిగాను, మేనేజరును అడిగాను, బోర్డు మీద ప్రతి దారినీ అడిగాను. ఇన్నాళ్లలో అన్నయ్యను ఆ మాట అడగాలని నాకు తోచలేదు. ఇప్పుడు తనే చెబుతున్నాడు. నా కళ్లు మాత్రం తన ముఖం మీద నిలవలేదు, చేతిలో ఉన్న కాయ మీదికి పోయాయి. బూజు పైతోలు మీద ఉందా, లోపల గింజల్లోంచి వచ్చిందా అని చూస్తున్నాను. పైనుంచి అయితే గది చెమ్మ, లోపలి నుంచి అయితే నీళ్లు. నేను ఏం చూస్తున్నానో అన్నయ్య చూశాడు. ఆ కాయను మధ్యకు విరిచి, రెండు ముక్కలూ నా ముందు పట్టా మీద పెట్టాడు.

"నమ్ముతున్నానన్నయ్యా" అన్నాను.

అన్నయ్య అప్పటికే చేతులు దులుపుకుని లేచాడు. నా వైపు చూడకుండా, "మీ ఆడపడుచుకి కాఫీ ఇచ్చి పంపు" అని వదినతో చెప్పి లోపలికి వెళ్లిపోయాడు.